శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు: నీటి చదువు చెప్పిన జీవితము

మన దొడ్డబళ్ళాపురమునకు ఈశాన్యదిశయందున్న నందిగిరి పేరు వినని విద్యార్థి మన పాఠశాలయందు ఉండడు. సముద్రమట్టమునకు 1,478 మీటర్ల యెత్తుననున్న ఆ కొండయు, దాని చుట్టునున్న కొండల వరుసయు పెక్కు నదులకు పుట్టినిల్లు. మన తాలూకాలో పారు అర్కావతి అచ్చటనే పుట్టి, దక్షిణముగా ప్రవహించి, కనకపుర తాలూకాలో సంగమ మను చోట కావేరిలో కలియుచున్నది. ఉత్తర పినాకిని యనబడు పెన్నేరు ఆ కొండల నుండియే బయలుదేరి, అనంతపురము, కడప, నెల్లూరు సీమల మీదుగా పోయి బంగాళాఖాతమున చేరుచున్నది. దాని ఉపనదులైన చిత్రావతియు, పాపాఘ్నియు ఆ ప్రాంతమున పుట్టినవే. దక్షిణ పినాకిని తమిళదేశమునకు పోవుచున్నది. అనగా ఆ కొండలపై కురిసిన వానలో ఒక చినుకు కన్నడసీమకును, మఱియొక చినుకు తెలుగుసీమకును, వేఱొక చినుకు తమిళసీమకును చెందుచున్నది. తాను పడిన నేల యే భాషవారిదని చినుకు అడుగదు.

ఆ నందిగిరి పాదమున ముద్దేనహళ్ళి యను చిన్న గ్రామము కలదు. అచ్చట 1861 సెప్టెంబరు 15వ తేదీన శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. ఆనకట్టలు కట్టిన మహనీయుడుగా వారిని ఎల్లరును ఎఱుగుదురు. కాని ఆనకట్టకు ఎగువనుండు నేల, అనగా వాననీరు పోగై నదిలోనికి దిగివచ్చు భూమి, వారి పనులలో ఎంతటి స్థానము పొందినదో తెలిసినవారు తక్కువ. ఆ నేలను మనము నేడు ఎట్లు చూచుచున్నామో ఆలోచించువారు మఱింత తక్కువ. ఈ రెండు విషయములను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటకే మేము ఈ చరిత్రము వ్రాయుచున్నాము.

విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము అను గ్రామమునుండి మైసూరు సీమకు వలస వచ్చినవారు. వారి యింటిపేరు ఆ గ్రామనామమే. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్షమ్మగారు. ఇంట మాటలాడు భాష తెలుగు. వీధిలోను, బడిలోను వినబడు భాష కన్నడము. మన విద్యార్థులలో పెక్కుమంది స్థితియు నేడిట్లే యున్నది. కావున విశ్వేశ్వరయ్యగారి బాల్యము మన పిల్లలకు పరాయి కథ కాదు.

వారి చదువు చిక్కబళ్ళాపురమున మొదలైనది. చిన్నతనమందే తండ్రి గతించుటచే కుటుంబము లేమిలో పడెను. అయినను తల్లి కుమారుని చదువు మానిపింపలేదు. ఆయన బెంగళూరునకు పోయి, సెంట్రల్ కాలేజీలో చేరి, పిల్లలకు పాఠములు చెప్పి సంపాదించిన కొద్దిపాటి ధనముతో జీవనము గడపుచు 1881లో బి.ఏ. పట్టము పొందిరి. మైసూరు ప్రభుత్వమువారి సహాయముతో పూనా నగరమునకు పోయి సైన్సు కాలేజీలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1883లో జరిగిన పరీక్షయందు ప్రథములుగా ఉత్తీర్ణులైరి. మరుసటి సంవత్సరమే, అనగా 1884లో, బొంబాయి ప్రభుత్వమువారి పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరిరి.

బొంబాయి రాజధానిలో వారు దాదాపు ఇరువదినాలుగు సంవత్సరములు పనిచేసిరి. ఆ కాలమున వారు చేసిన మూడు పనులు మనము ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినవి. మూడింటియందును నీటితోపాటు నేల యొక్క స్వభావమును వారు గమనించుట కనబడుచున్నది.

మొదటిది సింధుదేశమందలి సుక్కూరు పట్టణపు మంచినీటి పని. సింధునది నీరు సమృద్ధిగా నున్నను బురదతో నిండియుండెను. ఆ నీటిని వడగట్టుటకు వలసిన పెద్ద తొట్లు కట్టించుటకు పట్టణసంఘమునకు ధనము చాలదాయెను. అప్పుడు విశ్వేశ్వరయ్యగారు నదిగర్భమునందే బావి త్రవ్వించి, ఇసుకపొరల గుండ ఊరి వచ్చిన నీటిని తీసికొను ఏర్పాటు గావించిరి. ఏటి ఇసుకలో చెలమ త్రవ్వి తేటనీరు తోడుకొనుట మన రాయలసీమ పల్లెలయందు స్త్రీలందఱు ఎఱిగిన పని. ఆ పల్లె తెలివినే ఒక పట్టణమునకు సరిపోవునంత పెద్దదిగా చేసి చూపినట్లయినది. నేల తానే నీటిని వడగట్టు నను సత్యము ఇందు ఇమిడియున్నది.

రెండవది పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో అమర్చిన తలుపులు. వరద వచ్చినపుడు నీటి ఒత్తిడికి తామే తెఱచుకొని, వరద తగ్గగానే తామే మూసికొను తలుపులవి. వాటివలన కట్టను ఎత్తు చేయకయే ఎక్కువ నీరు నిలువచేయుటకు వీలు కలిగెను. ఆ తలుపులకు వారు పేటెంటు హక్కును పొందిరి. తరువాత గ్వాలియరులోని టిగ్రా ఆనకట్టకును, కావేరిపై కృష్ణరాజసాగరమునకును ఈ విధమైన తలుపులే అమర్చబడెను.

మూడవది కాలువ నీటి పంపకము. కాలువకు దగ్గరనున్న రైతు పొలము మునుగునంత నీరు పెట్టుకొనుటయు, దూరముననున్న రైతు ఎండిన మడిని చూచి దుఃఖించుటయు అన్ని చోట్లను కలదు. విశ్వేశ్వరయ్యగారు పొలములను ఖండములుగా విభజించి, పైరులను మార్చుచు, నీటిని ఎక్కువ గ్రామములకు అందించు పద్ధతిని ఏర్పఱచిరి. నీరు బలవంతుని సొత్తు కాదనియు, దిగువవానికిని దానిపై హక్కు కలదనియు ఆ పద్ధతి యొక్క భావము.

1908లో వారు బొంబాయి ప్రభుత్వపు కొలువునుండి విరమించి విదేశయాత్రకు పోయిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరు 28వ తేదీన హైదరాబాదు నగరమున మూసీనదికి ఘోరమైన వరద వచ్చెను. ఆ నదికి వచ్చిన ప్రవాహము సెకనుకు దాదాపు 4,25,000 ఘనపుటడుగులని లెక్కింపబడినది. వంతెనలు మునిగెను, పేటలకు పేటలు కొట్టుకొనిపోయెను, వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజ్ ప్రాంతమున నేటికిని ఒక పెద్ద చింతచెట్టు కలదు. ఆనాడు దాని కొమ్మలపై కెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. నిజాం ప్రభుత్వమువారి ఆహ్వానముపై విశ్వేశ్వరయ్యగారు 1909లో ఆ నగరమునకు వచ్చి, ఇట్టి వరద మరల రాకుండ చేయు మార్గమును వెదకుటకు పూనుకొనిరి.

మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందిన దినములలో ఈ వరద కథను పలుమారులు వింటిమి. కాని వినినపుడెల్ల కట్టిన కట్ట గూర్చియే వింటిమి. కట్టకు పూర్వము జరిగిన పరిశీలన గూర్చి ఎవరును చెప్పలేదు. నిజమునకు ఆ పరిశీలనయే ఈ చరిత్రమునకు ఆయువుపట్టు.

వరద వచ్చినది నగరమునకు గనుక నగరమునందే గోడలు కట్టుట చాలునని మఱియొకరు తలచియుందురు. విశ్వేశ్వరయ్యగారు అట్లు తలపలేదు. వారి దృష్టి నదికి ఎగువకు, అనంతగిరి కొండలవఱకు, ప్రసరించెను. ఏ యే చోట ఎంత వాన కురిసినది, ఆ వాన యే దారిని దిగివచ్చినది, మధ్యలో దానిని పట్టి యుంచునవి ఏవి అని విచారించిరి. ప్రక్క రాజధానుల వర్షపు లెక్కలను సైతము తెప్పించి పోల్చి చూచిరి. నగరమునకు ఎగువనున్న పరీవాహక భూమి, అనగా వాననీటిని నదికి అందించు నేల, దాదాపు 860 చదరపు మైళ్లు. దానియందు 788 చెరువులు కలవని లెక్క తేలెను. అనగా చదరపు మైలునకు ఇంచుమించు ఒక చెరువు. ఆ చెరువులలో 221 చెరువులు ఆ వానకు తెగిపోయినవి. ఒక చెరువు తెగి దిగువ చెరువుపై పడుటయు, అది తెగి మఱియొకదానిపై పడుటయు జరిగి, వాననీటికి చెరువుల నీరును తోడై నగరముపై విరుచుకొనిపడెను.

ఇందు గ్రహింపవలసిన నీతి యేమి? చెరువుల వరుస బాగున్నంతవఱకు అది నదికి కాపలా. దానిని నిర్లక్ష్యము చేసితిమేని, ఆ కాపలాయే శత్రువగును. నది యనగా రెండు గట్టుల నడుమ పారు నీరు మాత్రమే కాదు. కొండ, అడవి, బీడు, చేను, చెరువు, వాగు, ఇవి యన్నియు కలిసినదే నది. గట్టుల నడుమ మనకు కనబడునది దాని చివరి రూపము.

నగరమునకు ఎగువ మూసీపై ఒకటియు, దాని ఉపనదియగు ఈసాపై ఒకటియు రెండు జలాశయములు కట్టవలెనని వారు సూచించిరి. అవి వరదను ఆపుటయే గాక నగరమునకు మంచినీటిని ఇచ్చుటకును పనికివచ్చెను. మొదటిది ఉస్మాన్‌సాగరము, 1920లో పూర్తియైనది. రెండవది హిమాయత్‌సాగరము, 1927లో పూర్తియైనది. అంతటితో వారి సలహా ముగియలేదు. నగరమునందు నదిగట్టులను ఎత్తుచేసి, చెట్లు నాటి, జనులు నడచుటకు తగిన విశాలమైన దారులుగా తీర్చవలెనని కూడ వారు సూచించిరి. దీనిని సొగసు కొఱకు చెప్పిన మాటగా భావింపరాదు. జనులు రోజును నడచు గట్టును ఎవడును చాటుగా ఆక్రమింపజాలడు. దానిపై చెత్త పోయుటకు జంకును. పదిమంది కన్నులయెదుట నున్న నదికి పదిమంది కావలి యుందురు.

1909 చివర విశ్వేశ్వరయ్యగారు మైసూరు సంస్థానమునకు చీఫ్ ఇంజనీరుగా వచ్చిరి. 1911లో కావేరిపై కన్నంబాడి యొద్ద కృష్ణరాజసాగరపు పని ఆరంభమయ్యెను. 1912నుండి 1918వఱకు వారు దివాను పదవి నిర్వహించిరి. మైసూరు బ్యాంకు 1913లోను, కన్నడ సాహిత్య పరిషత్తు 1915లోను, మైసూరు విశ్వవిద్యాలయము 1916లోను, బెంగళూరు ఇంజనీరింగు కాలేజీ 1917లోను ఏర్పడినవి. వీని స్థాపనయందు వారి కృషి మెండు. తెలుగు ఇంట పుట్టినవారు కన్నడ సాహిత్య పరిషత్తునకు అండగా నిలిచిరన్న విషయమును మన పిల్లలు ప్రత్యేకముగా గమనింపవలెను. ఇంటి భాషను నిలుపుకొనుటయు, ఉన్న సీమకు సేవచేయుటయు ఒకదానికొకటి అడ్డుకావు.

ఇక మన అర్కావతి కథకు వత్తము. బెంగళూరు నగరమునకు గొట్టముల ద్వారా నీరు తెచ్చు మొదటి పెద్ద ప్రయత్నము దివాను శేషాద్రి అయ్యరుగారి కాలమున జరిగెను. 1894లో మొదలైన ఆ పథకముచే మన దొడ్డబళ్ళాపురమునకు దిగువ అర్కావతిపైనున్న హేసరఘట్ట జలాశయము నగరమునకు నీరిచ్చెను. కాని వానలు తప్పిన సంవత్సరములలో ఆ జలాశయము ఎండిపోవుటచే, పెరుగుచున్న నగరమునకు మఱియొక ఆధారము కావలసి వచ్చెను. అప్పుడు విశ్వేశ్వరయ్యగారి సూచనల మేరకు, అర్కావతియు కుముద్వతియు కలియు తిప్పగొండనహళ్ళి యొద్ద 1930–1933 సంవత్సరముల నడుమ ఒక జలాశయము నిర్మింపబడెను. దానికి చామరాజసాగరమని పేరు. నందిగిరి పాదమున పుట్టిన బాలుడు, నందిగిరిలో పుట్టిన నది నీటిని, తాను లేమిలో చదువుకొనిన నగరమునకు ఈ విధముగా అందించినట్లయినది.

వారికి 1955లో భారతరత్న బిరుదము లభించెను. 1962 ఏప్రిలులో, నూరేండ్లు నిండిన పిదప, బెంగళూరున వారు దివంగతులైరి. ముద్దేనహళ్ళిలో వారి సమాధి కలదు. వారు జన్మించిన సెప్టెంబరు 15వ తేదీని దేశమంతటను ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు.

మహనీయుల చరిత్రములు సాధారణముగా ఇచ్చట ముగియును. కాని విశ్వేశ్వరయ్యగారి చరిత్ర ఇచ్చట ముగియదు. ఎందుకనగా వారు కట్టిన కట్ట నిలిచియున్నది. ఆ కట్టకు రావలసిన నీరు రాకుండ పోయినది. తిప్పగొండనహళ్ళి జలాశయమునకు వచ్చు నీరు కొన్ని దశాబ్దములలో క్రమముగా క్షీణించెను. వచ్చిన కొద్దిపాటి నీటిలోను మురుగు కలిసెను. 2012 ప్రాంతమున దానినుండి నగరమునకు నీరు తీయుట నిలిపివేయవలసి వచ్చెను. కట్టలో లోపమా? కాదు. రాళ్లు వదులైనవా? లేదు. లోపము కట్టకు ఎగువనున్న నేలయందు కలిగినది. ఆ నేలలో మన తాలూకాయును కలదు.

వానలు తగ్గుటచేతనే నది ఎండినదని పలువురు అనుకొందురు. అర్కావతి ఎండుటకు కారణములను పరిశీలించిన శాస్త్రజ్ఞుల పరిశోధన యొకటి 2015లో ప్రకటింపబడినది. వాన తగ్గుటయో, ఎండ పెరుగుటయో ఇందుకు ముఖ్యకారణము కాదని అందు తేలినది. బోరుబావులచే భూగర్భజలమును మితిమీరి తోడుట, నీలగిరి తోటలు విస్తారముగా పెంచుట, వాగులకు అడ్డుగా కట్టలు మొదలగునవి వేయుట ముఖ్యకారణములుగా కనబడినవి. దీనిని తేలికగా బోధపఱచెదము. పూర్వము వాన కురిసిన తరువాత కొంత నీరు నేలలో ఇంకి, తరువాత ఊటగా వాగులోనికి వచ్చెడిది. అందుచేత వాన వెలిసిన పిదపయు వాగు పారెడిది. భూగర్భజలము వందల అడుగుల లోతునకు దిగిపోయినచో, ఆ ఊట వాగును అందుకొనజాలదు. పైగా వాగులో పారు నీరే ఎండిన నేలలోనికి దిగిపోవును. నీలగిరి చెట్టు వేళ్లు లోతుగా పాఱి నేలలోని తేమను పీల్చివేయును. ఈ కారణము వలననే కర్ణాటక ప్రభుత్వము 2017లో క్రొత్తగా నీలగిరి నాటుటను నిషేధించెను.

మురుగు విషయము మన యూరివారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మన పట్టణము మగ్గముల పట్టణము. చీరకు అద్దిన రంగు మన అన్నము. ఆ రంగు కలిసిన నీరు శుద్ధి కాకుండ చెరువున చేరినచో అది దిగువవానికి విషము. పరిశ్రమల వ్యర్థజలము, పట్టణపు మురుగు చేరుటచే దొడ్డ తుమకూరు, చిక్క తుమకూరు చెరువుల నీరు చెడినదని అచ్చటి గ్రామస్థులు ఏండ్ల తరబడి మొఱపెట్టుకొనుచున్నారు. ఇందు ఒక్కరిని నిందించి ప్రయోజనము లేదు. మనలో కొందఱు ఆ పరిశ్రమలలో పనిచేయువారము. కొందఱు బోరునీటితో కూరగాయలు పండించువారము. కొందఱు నీలగిరి అమ్మి ఆడపిల్ల పెండ్లి చేసినవారము. కావుననే ఈ సమస్య కఠినమైనది. కడుపు నింపు పనియు, నదిని నిలుపు పనియు రెండును ఒకే నేలపై జరుగవలసియున్నవి.

ప్రభుత్వము ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. 2003లో కర్ణాటక ప్రభుత్వము తిప్పగొండనహళ్ళి పరీవాహక భూమిని మండలములుగా విభజించి, ఏ మండలమున ఏ నిర్మాణములు కూడవో నిర్ణయించుచు ఉత్తర్వు వెలువరించెను. 2019లో ఆ నియమములు సవరింపబడి కొంత సడలింపబడెను. హైదరాబాదునందును ఇట్లే జరిగినది. ఉస్మాన్‌సాగర, హిమాయత్‌సాగరములను కాపాడుటకు 1996 మార్చి 8వ తేదీన 111 సంఖ్యగల ఉత్తర్వు వెలువడెను. జలాశయములకు పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములలో, కాలుష్యము కలిగించు పరిశ్రమలను, పెద్ద కట్టడములను అది నిషేధించెను. 2022 ఏప్రిలులో ఆ ఆంక్షలను తొలగించుచు మఱియొక ఉత్తర్వు వచ్చెను. తమ భూమికి తగిన వెల రాక ఆ గ్రామముల రైతులు పడిన బాధ నిజమైనదే. జలాశయమునకు కలుగు అపాయమును నిజమైనదే. ఊరంతటి మేలు కొఱకు కొందఱి నేలను కట్టిపెట్టునపుడు, ఆ కొందఱికి కలుగు నష్టమును ఊరంతయు పంచుకొనవలెను. అట్లు పంచుకొననిచో ఏ ఉత్తర్వును నిలువదు.

ఇట్లు పంచుకొనిన నగరము ఒకటి లోకమున కలదు. అమెరికాదేశపు న్యూయార్కు నగరము తనకు నీరిచ్చు క్యాట్స్‌కిల్ కొండలలోని పల్లెలతో 1997లో ఒక ఒడంబడిక చేసికొనెను. నీటిని శుద్ధిచేయు మహాయంత్రములు కట్టుటకంటె, నీరు పుట్టు నేలను కాపాడుటయే చవుకయని ఆ నగరము గ్రహించెను. ఇష్టపడి అమ్మువారి వద్దనే తగిన వెలకు భూములు కొనెను. రైతులు తమ పొలములను, పశువుల కొట్టములను నీరు చెడకుండునట్లు తీర్చుకొనుటకు ధనసహాయము చేసెను. కొనిన భూములలో చాల భాగమును కంచెవేసి మూయక, జనులు కాలినడకన తిరుగుటకు తెఱచియుంచెను. నగరవాసి అచ్చట నడచి, తాను త్రాగు నీరు ఏ చెట్టు క్రిందినుండి వచ్చుచున్నదో చూచుకొనగలడు. మూసీ గట్టులు నడకదారులు కావలెనని విశ్వేశ్వరయ్యగారు చేసిన సూచనకును దీనికిని పోలిక కలదు.

మన చుట్టుప్రక్కల ఆశ లేకపోలేదు. హేసరఘట్ట యొద్దనున్న 5,000 ఎకరములకు పైబడిన గడ్డిబీడును సంరక్షిత ప్రాంతముగా ప్రకటించుటకు రాష్ట్ర వన్యప్రాణి మండలి 2024లో ఆమోదము తెలిపెను. బీడు అనగా పనికిరాని నేలయని మనము తలతుము. అది వాననీటిని త్రాగి దాచుకొను నేల. దానిపై ఇండ్లు లేచిన నాడు, అదే వాన ఒక గడియలో మురుగై పారిపోవును. మన తాలూకాలోని మాకళిదుర్గమునకు కొండదారి కలదు. సెలవు దినములలో యువకులు ఆ దారిని ఎక్కుచుందురు. ఘాటి సుబ్రహ్మణ్యమునకు పోవు భక్తులు ఆ కొండలను ఏటేట చూచుచునే యున్నారు. ఆ కొండల వాలులే చెరువులను నింపు చేతులని వారిలో ఎందఱికి తోచునో!

విద్యార్థులారా! మీలో అందఱును ఆనకట్టలు కట్టనక్కఱలేదు. కాని విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదున మొదట చేసిన పని మీరందఱును చేయగలరు. అది లెక్క వ్రాయుట. మీ యూరి చెరువు పేరేమి? దానిలోనికి ఎన్ని వాగులు వచ్చుచున్నవి? వానిలో ఎన్ని తెఱచియున్నవి, ఎన్ని పూడినవి? దాని అలుగు పారి ఎన్ని యేండ్లయినది? ఆ నీరు తరువాత ఏ చెరువునకు పోవును? మీ యింటి బోరు ఎన్ని అడుగుల లోతు, మీ తాతగారి కాలమున బావి ఎన్ని అడుగుల లోతు? ఇవి మీ పెద్దలను అడిగి నోటుపుస్తకమున వ్రాసికొనుడు. తెలుగున వ్రాసిన లెక్క కన్నడమునకును, కన్నడమున వ్రాసిన లెక్క తెలుగునకును పనికివచ్చును. చెరువునకు రెండు భాషలును తెలియును.

తల్లిదండ్రులకు మేము చేయు విన్నపము ఒక్కటియే. చెరువు కట్టపైనను, వాగుగట్టు వెంబడిని పూర్వమునుండియు కాలిబాటలు కలవు. పశువులు, బడిపిల్లలు, సంతకు పోవువారు నడచిన ఆ బాటలు ఎవరి సొత్తును కావు; అందఱి సొత్తు. పొలమునకు కంచె వేయునపుడు ఆ బాటను వదలి వేయుడు. వాగును దున్ని చేనిలో కలుపుకొనకుడు. బాట నిలిచినచో వాగు నిలుచును. ఏలయనగా మనుష్యుడు నడచు చోట వాగు మాయమైనచో ఎవరో ఒకరు అడుగుదురు. ఎవరును నడువని చోట అడుగువారుండరు.

సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారి పటమునకు పూలమాల వేయుట మంచిదే. ఆ దినముననే మన పిల్లలు తమ యూరి చెరువు కట్టపై ఒక చివరనుండి మఱియొక చివరవఱకు నడచి, లోనికి వచ్చు వాగులను ఎగువదాక చూచి వచ్చినచో మఱింత మంచిది. తిప్పగొండనహళ్ళి కట్ట వారి పని. దానిని వారు తొంబది యేండ్లకు పూర్వమే ముగించిరి. దానికి ఎగువనున్న నేల మన పని. అది ఇంకను మిగిలియున్నది.